మిథున లగ్నంలో అలైన్‌మెంటు

కృష్ణారావు ఉద్యోగమే వంకలు పెట్టడం. జీడిమెట్లలో నీటి గొట్టాలకు బిగించే వాల్వులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చివరి తనిఖీ ఆయనది. ఆయన ఎర్ర చాక్‌పీసుతో గీత గీశాడంటే ఆ వాల్వు వెనక్కి పోవాల్సిందే. మేనేజరు వచ్చి బతిమాలినా, లారీ గేటు దగ్గర హారను కొడుతూ నిలబడినా గీత చెరిపేది లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో లోపమున్న సరుకు ఒక్కటి కూడా తన చేతి మీదుగా బయటికి పోలేదని ఆయనకి గర్వం. ఆ గర్వాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గరే దిగబెట్టి వస్తే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఆయన దాన్ని టిఫిను క్యారియరుతో పాటు రోజూ ఇంటికి తెచ్చేవాడు. ఇడ్లీ ఒక పక్క ఎక్కువ ఉబ్బిందనేవాడు. "అయితే గీత గీసి వెనక్కి పంపండి, నేను తింటాను" అనేది భార్య అమ్మాజీ.

వాళ్ళది తణుకు. మేడ్చల్ దాటి అత్వెల్లి వైపు వెళ్తుంటే కొత్తగా పడ్డ కాలనీలో చిన్న ప్లాటు కొనుక్కుని, ఇల్లు కట్టుకుని వచ్చారు. కాలనీలో అందరూ ఉద్యోగస్తులే, చాలామంది కోస్తా నుంచి వచ్చినవాళ్ళే, అయినా కృష్ణారావుకి ఒక్క స్నేహితుడూ కుదరలేదు. ఎవరి గృహప్రవేశానికి పిలిచినా భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి "మీ మెట్లు సమానంగా లేవండీ, మూడోది ఎత్తుగా ఉంది" అని చెప్పి వచ్చేవాడు. చెప్పింది నిజమే. మళ్ళీ ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, అదీ నిజమే.

ఆదివారం పూట మాత్రం ఆయనకి బోలెడు మంది ఉండేవాళ్ళు, అందరూ హ్యాములు. హ్యాములంటే సర్కారు పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంత రేడియోలతో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మాట్లాడుకునే సరదా మనుషులు. ఆంధ్రదేశంలో హ్యాములంతా ఆదివారం పొద్దున్న ఒకే చోట, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద పోగయ్యేవాళ్ళు. కాకినాడ బుల్లిబాబు గారని ఒక పెద్దాయన ఆ సభ నడిపేవాడు. కృష్ణారావు పాత రిసీవరు ముందు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని అంతా వినేవాడు. బుల్లిబాబు గారి మోకాలి నొప్పి ఏ కాలికో ఆయనకి తెలుసు. వాళ్ళందరూ ఆయనకి తెలుసు, ఆయన ఒక్కరికీ తెలియదు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నా మాట్లాడే సెట్టు లేదు. ఒక్క ఆదివారం, ఒక్కసారి, బుల్లిబాబు గారు తన పేరు పెట్టి పిలిస్తే వినాలని ఆయనకి ఉండేది. ఆ కోరిక ఎంత బలమైనదో అమ్మాజీకి కూడా చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు.

చివరికి తొంభైతొమ్మిదో సంవత్సరంలో బెంగుళూరు నుంచి కిట్టు తెప్పించాడు. కిట్టు అంటే పొట్లాల్లో విడిభాగాలు. ఎవరికి వారే సోల్డరింగు చేసి అతికించుకోవాలి, తీగలు చుట్టుకుని కాయిళ్ళు చేసుకోవాలి. అంతా అయ్యాక బడిపిల్లల టిఫిను డబ్బా అంత సెట్టు తయారవుతుంది. దాని బలం నైటుబల్బుకి సరిపోయేంత. కానీ మంచి ఏరియల్ ఉంటే ఆ కాస్త బలంతోనే మాట కాకినాడ దాకా పోతుంది.

ఆ ఏరియల్ దగ్గరే వచ్చింది చిక్కు. ఇరవై మీటర్ల తీగ బారుగా కట్టాలి. కృష్ణారావు ప్లాటు ఈ మూల నుంచి ఆ మూలకు ఎలా కొలిచినా అంత లేదు. ప్రహరీ గోడ అవతల భూమి మల్లేశానిది. అత్వెల్లిలో పేరున్న రైతు, కాలనీ భూమి కూడా ఒకప్పుడు వాళ్ళదే. మిగిలిన పొలాన్ని కూడా ఇప్పుడు ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు, వచ్చే పంచాయితీ ఎన్నికల్లో సర్పంచికి నిలబడదామని చూస్తున్నాడు. ఆ పొలంలో, బావి పక్కన, మోటరు గది మీద ఒక ఇనప గుంజ ఉంది. తీగ రెండో కొస ఆ గుంజకు కట్టుకోనిమ్మని కృష్ణారావు వెళ్ళి అడిగాడు.

"కడితే నాకేమొస్తది సారూ? టీవీ మంచిగొస్తదా?" అన్నాడు మల్లేశం.

"రాదండీ. దానికీ దీనికీ సంబంధం లేదు."

"మరేమొస్తది?"

"మీకేమీ రాదు."

మల్లేశం కడుపుబ్బ నవ్వాడు. "గింత సాఫ్‌గ జెప్పినోన్ని నేనింతవరకు సూడలే. కట్టుకో పో. గానీ సారూ, నీ తీగతోని నాకు తకలీఫ్ అయిన్నాడు, ఇగ అడిగేది లేదు, కోసి పారేస్త."

ఆ తీగ తెగితే కృష్ణారావు సెట్టు ఉత్త టిఫిను డబ్బాయే. కట్టుకోవడానికి ఊళ్ళో ఇంకో గుంజ లేదు. అందుకని ఆనాటి నుంచి మల్లేశం ఎదురుపడితే ఆయన మోటారు సైకిలుకి కూడా నమస్కారం పెట్టేవాడు.

సెట్టు అతికించడం వైశాఖ మాసానికి పూర్తయింది. ఇక మిగిలింది అలైన్‌మెంటు. అంటే మరలన్నిటినీ కొద్దికొద్దిగా తిప్పి, సెట్టులోని భాగాలన్నీ ఒకదాని మాట ఒకటి వినేలా చేయడం. దానికి రెండు సంగతులు కావాలి. మొదటిది, సరిగ్గా కుదరని సెట్టును గాలిలోకి వదలకూడదు గనక ఏరియల్ పీకేసి ఆ స్థానంలో డమ్మీ లోడు పెట్టాలి. నాలుగు రెసిస్టర్లు కలిపి కట్టిన మూట అది. సెట్టు ఎంత అరిచినా ఆ అరుపును వేడిగా మార్చి తనలోనే మింగేస్తుంది, బయటికి పోనివ్వదు. రెండోది, మాట్లాడే మనిషి కావాలి. ఈ రకం సెట్టులో నోరు కదిలితేనే శక్తి బయటికొస్తుంది, నోరు మూస్తే మీటరులో ముల్లు కూడా పడుకుంటుంది. కృష్ణారావు రెండు చేతులూ మరల మీద, రెండు కళ్ళూ ముల్లు మీద ఉంటాయి. నోరొక్కటీ ఖాళీయే గానీ, కొలిచేటప్పుడు ఆయన ఊపిరి కూడా బిగబడతాడు. కనక అమ్మాజీయే మాట్లాడాలి.

"నేను మాట్లాడితే పోలీసులు పట్టుకోరూ? లైసెన్సు మీకే కదా" అంది అమ్మాజీ.

"డమ్మీ లోడులోకి ఎవరు మాట్లాడినా తప్పు లేదు. మాట గది దాటదు."

"సరే. కానీ మంచి రోజు చూడకుండా కొత్త సామాను నోరు తెరవకూడదు."

కృష్ణారావు తల పట్టుకున్నాడు. అమ్మాజీ పంచాంగం తీసింది. రాబోయే ఆదివారం పొద్దున్న మిథున లగ్నం దివ్యంగా ఉందనీ, మళ్ళీ అలాంటిది ఈ నెలలో లేదనీ తేల్చింది. పంచాంగం అందరికీ ఒకటే అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. గోడ అవతల మల్లేశం కూడా తన కొత్త వెంచరు భూమిపూజకి అదే ఆదివారం, అదే మిథున లగ్నం పెట్టించుకున్నాడు. యాప్రాల్ నుంచి ప్లాట్లు కొనేవాళ్ళని వ్యాన్లలో రప్పించాడు, షామియానా వేయించాడు, మైకు సెట్టు భిక్షాన్ని పిలిపించాడు. భిక్షం నాలుగు దిక్కులూ చూసి, ఎత్తుగా ఉన్నది ఒకటే కనిపిస్తే, మోటరు గది మీది ఇనప గుంజకే మైకు బాకా కట్టాడు. ప్లాట్లన్నీ అమ్ముడుపోయేదాకా దాన్ని దించేది లేదన్నాడు మల్లేశం. బాకా తీగా, కృష్ణారావు తీగా ఒకదాన్నొకటి రాసుకుంటూ వేలాడాయి.

ఆదివారం వచ్చింది. కృష్ణారావు పొద్దున్నే లేచి, ఏరియల్ పీకి పక్కన పెట్టి, సెట్టు వెనక సాకెట్టులో డమ్మీ లోడు బిగించి, రెండుసార్లు లాగి చూసుకుని, అమ్మాజీ పోరు పడలేక తలస్నానానికి వెళ్ళాడు. ఆయన స్నానాల గదిలో ఉండగా జరిగింది ఆయనకి తర్వాత తెలిసింది. మనకి ఇప్పుడే తెలిస్తే నష్టం లేదు. అమ్మాజీ సెట్టుకి పసుపు రాసింది, కుంకుమ బొట్టు పెట్టింది, మైకుకి మల్లెపూల మూర చుట్టింది. వెనక్కి తిప్పి చూస్తే సాకెట్టులో ఏదో మూట, అసలు తీగేమో అనాథలా కింద వేలాడుతోంది. ఆ మూట పేరు డమ్మీ అని ఆయనే చెప్పాడు. శుభమా అని మొదలుపెడుతూ డమ్మీ ఏమిటి, అశుభం కాకపోతే, అనుకుంది. మూట పీకి అలమరలో పెట్టి, తీగ తీసి సాకెట్టులో బిగించింది. మళ్ళీ ఎందుకైనా మంచిదని దానికీ బొట్టు పెట్టింది.

కృష్ణారావు వచ్చి కూర్చున్నాడు. ఆదివారం సభ జరిగే ఫ్రీక్వెన్సీ మీదే సెట్టు ఉంది. ఎలాగూ మాట బయటికి పోదు గనక మార్చాల్సిన పని లేదనుకున్నాడు. గోడ అవతలి హోరు వినబడకుండా కిటికీ గట్టిగా మూసి, హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"బటను నొక్కి మాట్లాడు."

"హలో," అంది అమ్మాజీ. "హలో, హలో." ఆగింది. "అవతల ఎవరూ పలకడం లేదండీ."

"ఎవరూ పలకరు. ఆపకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. మీ అక్కయ్యతో ఫోనులో మాట్లాడుతున్నాననుకో."

"ఫోనులో అయితే మీటరు తిరుగుతుంది కదండీ."

"ఈ మీటరు తిరగాలనే నిన్ను మాట్లాడమంటున్నాను!"

అమ్మాజీ ముఖం వెలిగిపోయింది. ఎస్టీడీ బూత్‌లో ఎర్ర అంకెలు పరిగెత్తుతుంటే "బాగున్నారా, బాగున్నాం, పెట్టేస్తున్నా" అని తప్ప అక్కతో ఆవిడ ఇంకో ముక్క మాట్లాడి ఎరగదు. మాట్లాడేకొద్దీ మొగుడు సంతోషించే మీటరు జన్మలో మొదటిసారి దొరికింది. కొంగు దోపుకుని బటను నొక్కింది.

"కామేశ్వరక్కా! నేనే, అమ్మాజీని. ఏం చెప్పమంటావే, ఇక్కడ నీళ్ళకి చచ్చిపోతున్నాం. మేడ్చల్ అంటే ఏదో అనుకుని వచ్చాం. బోరు ఎండిపోయి నెల దాటింది. ప్లాటు అమ్మేటప్పుడు ఈ మల్లేశం గారు ఏం చెప్పాడు? గునపం దింపితే చాలు, నీళ్ళు చిమ్ముతాయన్నాడు. చిమ్ముతోంది, దుమ్ము! బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు కడిగి, గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి పోస్తున్నా. నిన్న ట్యాంకరు వస్తే కాలనీ ఆడవాళ్ళం బిందెలతో కొట్టుకున్నంత పని చేశాం. ఇంకో వెంచరు వేస్తున్నాడట. కొనుక్కునేవాళ్ళకి ముందు ఒక బిందె బహుమతిగా ఇస్తే బాగుండును."

ముల్లు గంతులేస్తోంది. కృష్ణారావు మొదటి కాయిలు మర తిప్పాడు, ముల్లు లేచింది. రెండోది తిప్పాడు, ఇంకా లేచింది. "ఆపకు, ఆపకు" అని గుసగుసలాడాడు.

"మీ మరిదిగారా? ఎదురుగానే ఉన్నారు, డబ్బాని పొడుస్తున్నారు. వింటే విననీ. ఈయనకి స్నేహితులు లేరే అక్కా. ఎవరింటికెళ్ళినా తలుపు వంకరనో, గోడ బీటలనో చెప్పి వస్తారు. మనిషి బంగారం, నిజం చెప్పే రోగం ఒక్కటే. ఆదివారం చెవులకి అవి తగిలించుకుని, ఎవరో మాట్లాడుకుంటుంటే విని ఈయనొక్కరూ నవ్వుకుంటూ ఉంటారు. చూస్తే నాకు ఏడుపొస్తుంది. వాళ్ళలో ఎవరైనా ఒక్కసారి ఈయనతో మాట్లాడితే చాలు తల్లీ అని ఈ డబ్బాకి పసుపు రాశాను."

కృష్ణారావు చేతిలో ప్లాస్టిక్ స్క్రూడ్రైవరు జారిపోయింది. ఆవిడకి తెలుసన్న సంగతి ఆయనకి తెలియదు. కింద వెతుకుతున్నట్టు వంగి, కాసేపు అక్కడే ఉండి, ముక్కు తుడుచుకుని లేచాడు.

"ఇక మాట్లాడకు. ఊరికే బటను నొక్కి పట్టుకో" అన్నాడు.

చివరి మర, అన్నిటికన్నా ముఖ్యమైనది, కేరియర్‌ది. మాటని మోసుకుపోయే అలను కేరియర్ అంటారు. మామూలు రేడియో స్టేషను మాటనీ, మోసే అలనీ కలిపి వదులుతుంది. ఇలాంటి చిన్న సెట్టు మోసేదాన్ని ఇంట్లోనే ఆపేసి ఉత్త మాటనే పంపాలి. అలా ఆపకపోతే కేరియర్ లీకు అంటారు, హ్యాముల్లో అది పరువు తక్కువ. అమ్మాజీ నోరు మూసి బటను నొక్కి పట్టుకుంది. అయినా ముల్లు సగం దాకా లేచి నిలబడింది. కృష్ణారావు మరను వెంట్రుకవాసి తిప్పుతూ పోయాడు. ముల్లు దిగింది, దిగింది, సున్నా మీద పడుకుంది. ఆయన జీవితంలో అంత అందమైన సున్నా చూడలేదు. "పాస్!" అని గట్టిగా అరిచాడు.

అప్పుడే గేటు దడదడలాడింది. మల్లేశం, పట్టుబట్టల్లో, నుదుట పూజ బొట్టుతో, చేతిలో కటింగ్ ప్లేయరుతో లోపలికొచ్చాడు. వెనకాలే ఆయన భార్య లక్ష్మమ్మ, నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుని.

"ఏంది సారూ గిది? అయ్యగారు మంత్రం మొదలువెట్టిండు, నా మైకుల మీ ఆడామె గొంతు! నీల్లు లేవట, దుమ్మొస్తదట, బిందెలు పంచాల్నట! యాప్రాల్‌కెల్లి వచ్చినోల్లంత నా మొకం జూస్తుండ్రు. భిక్షం గాడు మైకు బంద్ జేద్దామంటే, 'ఉండనియ్యి, మంచిగ జెప్తాంది' అని ఆల్లే ఆపిండ్రు. నా ఇజ్జత్ మొత్తం పాయె. తీగ కోస్తున్న!"

కృష్ణారావుకి అర్థం కాలేదు. "మాట గది దాటదే. డమ్మీ లోడు పెట్టాను" అంటూ సెట్టు వెనక్కి తిప్పాడు. సాకెట్టులో బొట్టు పెట్టుకున్న ఏరియల్ తీగ నవనవలాడుతోంది. అమ్మాజీ వైపు చూశాడు.

"శుభమా అని డమ్మీ ఏమిటండీ?" అంది అమ్మాజీ.

లైసెన్సు లేని మనిషి మాట గాలిలోకి పోయిందన్నమాట. అదీ కేరియర్ లీకవుతున్న సెట్టులోంచి. కానీ ముందున్న ప్రమాదం ప్లేయరు.

"మల్లేశం గారూ, తప్పు మాదే. కొయ్యకండి. ఆ తీగ లేకపోతే నాకేమీ లేదు" అన్నాడు. నిజం చెప్పడం ఆయనకి అలవాటే, కానీ చేతులు జోడించి చెప్పడం ఇదే మొదటిసారి.

మల్లేశం కొంచెం మెత్తబడ్డాడు. "సరే. అయితే గా గొంతుతోనే మల్ల జెప్పియ్యి. నీల్లు మస్తున్నయ్, ఇందాక జెప్పింది మజాక్‌కు జెప్పిన అని. జెప్తే తీగ ఉంటది. జల్దీ, జనం లేస్తుండ్రు."

అమ్మాజీ మొగుడి ముఖం చూసింది. మైకు అందుకుని బటను నొక్కింది. "అందరికీ నమస్కారమండీ, ఇందాక మాట్లాడింది నేనే" అని మొదలుపెట్టింది.

లక్ష్మమ్మ కిటికీ తెరిచి బాకా వైపు చెవి పెట్టింది. పెట్టిన మరుక్షణం నవ్వు కట్ట తెగింది. "అయ్యో వదినె! బాతులు మొత్తుకున్నట్టొస్తాంది! క్వాక్ క్వాక్ మంటాంది!" షామియానాలో పిల్లలు కూడా క్వాక్ క్వాక్ అంటున్నారు.

"నకరాలా సారూ?" మల్లేశం ప్లేయరు ఎత్తాడు. "తిట్టినప్పుడు సాఫ్‌గొచ్చింది, మంచిగ జెప్పమంటే బాతులొస్తయా?"

కృష్ణారావుకి విషయం తెలిసిపోయింది. ఇందాక కేరియర్ లీకయింది గనకే మైకు సెట్టుకి అమ్మాజీ మాట అర్థమయింది. ఇప్పుడు మోసేది లేదు, ఉత్త మాటే పోతోంది. దాన్ని ఇంకో హ్యామ్ రేడియో మాత్రమే మళ్ళీ మాటగా మార్చుకోగలదు. మామూలు మైకు సెట్టుకి అది బాతు గోలే. అంటే సెట్టు అద్భుతంగా ఉంది. పాడుచేస్తే తప్ప పనికిరాదు.

ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని కేరియర్ మర మీద పెట్టాడు. చెయ్యి తిరగలేదు. మేనేజర్లు తిప్పలేని చెయ్యి అది. అమ్మాజీ మెల్లగా "పోనీలెండి, తర్వాత సరిచేసుకుందురు గాని" అంది, పిల్లాడికి మందు పట్టించేటప్పటి గొంతుతో. కళ్ళు మూసుకుని తిప్పాడు. ముల్లు సున్నా మీంచి లేచి సగంలో నిలబడింది. ఆ తర్వాత లైసెన్సు నిబంధన గుర్తొచ్చింది. దాన్ని కూడా మింగేశాడు.

అమ్మాజీ బటను నొక్కింది. నొక్కి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, మల్లేశం వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, నీళ్ళున్నాయని నేను అబద్ధం ఎలా చెప్పనండీ? మా ఆయన ముందు నిలబడి అబద్ధమాడితే రాత్రికి అన్నం తినరు. కానీ మీ బావిలో నీళ్ళున్నాయి కదా. లక్ష్మమ్మ వదిన మీకు తెలియకుండా రోజూ నాకు రెండు బిందెలు తోడి పోస్తోంది, ఆ చేతికి నేను దణ్ణం పెట్టాలి. ఆ బావి నుంచి కాలనీకి ఒక పైపు వేయించకూడదూ? వేయిస్తే నేను నిజంగానే నీళ్ళున్నాయని చెప్తాను."

మల్లేశం భార్య వైపు గుడ్లురిమి చూశాడు. లక్ష్మమ్మ గోడ వైపు చూసింది. మల్లేశం, గొంతు తగ్గిస్తే బాకాకి అందదనుకుని, అమ్మాజీ వైపు వంగి, గుట్టుగా అన్నాడు: "సరే తల్లీ, ఏపిస్త. గీ వెంచర్‌కు, మీ కాలనీకి కలిపే పైపు ఏపిస్త, మా అవ్వ తోడు. ముందుగాల మంచిగ జెప్పు, ఆల్లు బోతుండ్రు!"

అమ్మాజీ బటను మీంచి వేలు తీయలేదు. మల్లేశం గుట్టు మాట గుంజ మీది బాకాలోంచి అత్వెల్లి దాకా వినబడింది. గోడ అవతల చప్పట్లు, ఈలలు. ఎవరో పెద్దాయన "అవ్వ మీద ఒట్టేసిండు, ఇగ ఎట్ల తప్పుతడు" అన్నాడు. మల్లేశం బాకా వైపు చూశాడు, అమ్మాజీ వేలు వైపు చూశాడు, చేతిలో ప్లేయరు వైపు చూసుకున్నాడు.

"ఆపినవా తల్లీ గిప్పుడన్న?"

"ఇదిగో, ఆపేశానండీ" అంది అమ్మాజీ వేలు తీసి.

మల్లేశం ప్లేయరు పట్టుబట్టల కింద దాచుకుని, కొత్త పెళ్ళికొడుకు నడక నడుచుకుంటూ షామియానాకి వెళ్ళిపోయాడు. లక్ష్మమ్మ వెళ్తూ అమ్మాజీ బుగ్గ గిల్లి వెళ్ళింది. తీగ తెగలేదు. కృష్ణారావు గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, మొట్టమొదట చెయ్యాల్సిన పనికి పూనుకున్నాడు. స్క్రూడ్రైవరు కేరియర్ మర మీద పెట్టి, సెట్టు ఏమంటోందో విందామని హెడ్‌ఫోను చెవులకి తగిలించుకున్నాడు.

"...మేడ్చల్ దగ్గర నీళ్ళు లేని స్టేషను, మేడ్చల్ దగ్గర నీళ్ళు లేని స్టేషను, వినిపిస్తోందా? కాకినాడ నుంచి బుల్లిబాబుని. పదిమందిమి ఇక్కడ నోరు మూసుకుని మిమ్మల్నే వింటున్నాం. పైపు వేయిస్తానన్న ఆ అన్నయ్యగారు వెళ్ళిపోయారా? ఓవర్."

కృష్ణారావు హెడ్‌ఫోనును చెవులకి అదిమిపెట్టుకున్నాడు. సభ మొత్తం విన్నది. బోరు, దుమ్ము, బిందెలు, స్నేహితులు లేకపోవడం, అన్నీ విన్నది. మొదటిసారి మాట్లాడేటప్పుడు ఏమనాలో ఆయన ఇంగ్లీషులో ఎన్నాళ్ళ నుంచో వల్లె వేసుకుని ఉన్నాడు. ఒక్క ముక్క గుర్తు రాలేదు. మల్లెపూల మైకు అందుకుని తన కాల్‌సైను, అంటే లైసెన్సు మీది గుర్తు, చెప్పి, "కృష్ణారావునండీ. ఆవిడ మా ఇంట్లో... మా ఆవిడండీ. క్షమించాలి. ఓవర్" అన్నాడు.

"క్షమించడం దేనికండీ కృష్ణారావు గారూ? ఆవిడ చేత పరీక్ష రాయించండి, మాకు ఆదివారాలు బాగా గడుస్తాయి. ఇక మీ సంగతి. స్నేహితులు లేరని ఆవిడ చెప్పింది ఇందాక. ఇప్పుడు ఆ మాట చెల్లదు. గుంటూరు ఆయన తన వంతు కోసం కాచుకుని ఉన్నాడు, నెల్లూరు డాక్టరు గారు మీ తీగ ఎత్తెంతో అడుగుతున్నారు. నా మోకాలి సంగతి తర్వాత చెబుతాను."

"ఎడమ మోకాలండీ" అన్నాడు కృష్ణారావు బటను నొక్కకుండానే. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అమ్మాజీ పక్కనే నిలబడి, ఏమీ వినబడకపోయినా, ఆయన ముఖం చూసి తనూ కళ్ళు తుడుచుకుంది.

"ఒక్క మాట మాత్రం చెప్పాలి," అన్నాడు బుల్లిబాబు, "ఏమీ అనుకోకండి. మీ కేరియర్ ఘోరంగా లీకవుతోంది. ఇంత లీకు నేను ఈ మధ్య వినలేదు. ముందు అది సరిచేసుకోండి. ఓవర్."

ఇంకో రోజైతే ఆ మాటకి కృష్ణారావు బతికి ఉండేవాడు కాదు. మర మీద స్క్రూడ్రైవరు సిద్ధంగానే ఉంది, వెంట్రుకవాసి తిప్పితే చాలు. కిటికీలోంచి చూశాడు. షామియానా కింద జనం మల్లేశం చుట్టూ మూగి పైపు ఎప్పుడు, ఎంత లావు అని అడుగుతున్నారు. ఆయన చేతులు ఊపుతూ "సూద్దాం, సూద్దాం, వానాకాలం రానియ్యి" అన్నది ఇక్కడికి వినబడుతోంది.

కృష్ణారావు స్క్రూడ్రైవరు తీసి జేబులో పెట్టుకున్నాడు. బటను నొక్కాడు.

"తెలుసండీ బుల్లిబాబు గారూ. సరిచెయ్యడం నాకు వచ్చు. కానీ మల్లేశం గారు మా కాలనీకి పైపు వేసేదాకా ఈ సెట్టు ఇలాగే ఉంటుంది. రోజూ పొద్దున్నా సాయంత్రం నేను మీతో మాట్లాడుతూనే ఉంటాను. ఓవర్."

గోడ అవతల బాకా ఆ మాటను అక్షరం పోకుండా అప్పజెప్పింది. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుల మీదుగా మల్లేశం కేక వినబడింది.

"అరే భిక్షం! మేడ్చల్ల గా పైపుల దుకానమాయనకు ఫోన్ గొట్టు. ఇయ్యాల్నే రమ్మను. జల్దీ!"